లెక్క కట్టాకే జనరేటర్ చూపించే షాపు

రొయ్యల చెరువులకు జనరేటర్ కొనాలనుకునేవాళ్లు ఒకసారి నెల్లూరు ఆత్మకూరు బస్టాండు దగ్గర నేను కొన్న షాపుకు వెళ్లి మాట్లాడండి. ధర తక్కువని కాదు. రేటు కాస్త ఎక్కువే, బేరానికి పెద్దగా దిగరు. కానీ వీళ్లు ముందు లెక్క కడతారు, తర్వాతే సరుకు చూపిస్తారు.

ఇందుకూరుపేట వైపు మా చెరువుల మీద 2 హెచ్‌పీ ఏరేటర్లు, అంటే చెరువు నీళ్లలో గాలి కలిపే మోటారు యంత్రాలు, పది ఉన్నాయి. అంతకుముందు అడిగిన ఓ డీలర్ "ఇరవై హెచ్‌పీకి ఇరవై కేవీఏ సరిపోద్ది" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. కేవీఏ అంటే జనరేటర్ సైజు చెప్పే కొలత. ఇక్కడ కౌంటర్లో కుర్రాడు మాత్రం "అన్నా, హెచ్‌పీ వేరు, కేవీఏ వేరు. రెండిటినీ కిలోవాట్లలోకి తెచ్చాకే పోల్చాలి" అంటూ కొటేషన్ కాగితం వెనక రాసి చూపించాడు.

ఒక హెచ్‌పీ 746 వాట్లు. 20 హెచ్‌పీ అంటే 14,920 వాట్లు, దాదాపు 15 కిలోవాట్లు. అది మోటారు షాఫ్టు దగ్గర ఇచ్చే పవర్. మోటారు సామర్థ్యం 80 శాతం అనుకుంటే లైన్ నుంచి లాగేది 18.6 కిలోవాట్ల పైమాటే. ఇక జనరేటర్ కేవీఏని పవర్ ఫ్యాక్టర్ (అందులో నిజంగా పనికొచ్చే పవర్ వంతు) 0.8తో గుణిస్తే కిలోవాట్లు వస్తాయి. 20 కేవీఏది ఇచ్చేది 16 కిలోవాట్లే, చాలదు. 25 కేవీఏది 20 ఇస్తుంది గానీ అంచున నడవాలి. 30 అయితే 24. నేను 30 కేవీఏదే తీసుకున్నాను.

స్టార్టయ్యేటప్పుడు మోటారు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది కాబట్టి, ఏరేటర్లు ఒకదాని తర్వాత ఒకటి ఆన్ అయ్యేలా స్టార్టర్లకు టైమర్లు కూడా వాళ్లే పెట్టించారు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ తగ్గే వేళ కరెంటు పోతే ఆ టెన్షన్ ఏమిటో రొయ్య వేసినవాళ్లకు చెప్పక్కర్లేదు. మబ్బు రోజుల్లో మరీను. మొన్న అలాంటి వేళే కరెంటు పోయింది. మొదటి ఏరేటర్ అందుకోగానే ఇంజన్ శబ్దం ఒక్కసారి బరువెక్కి మళ్లీ తేరుకుంది. తర్వాత రెండోది, మూడోది. పదీ తిరిగాయి, ఎక్కడా ట్రిప్ కాలేదు.

నాతో వచ్చిన పక్క చెరువు ఆయన తన పాత డీజిల్ ఇంజన్ ప్లేటు ఫోటో చూపించాడు. దాని మీద పీఎస్ అని ఉంది. అది మెట్రిక్ హార్స్‌పవర్ అని, 735.5 వాట్లని, హెచ్‌పీతో పెద్ద తేడా ఉండదని షాపువాళ్లు ఓపిగ్గా చెప్పారు. ఆయన అక్కడ కొన్నది ఏమీ లేదు.

బాగాలేనిది డెలివరీ. చెప్పిన రోజుకు బండి రాలేదు, ఫోన్ మీద ఫోన్ చేస్తేగానీ కదల్లేదు. పంట వేసే ముందే, తీరిక ఉన్నప్పుడే ఆర్డర్ ఇవ్వండి. వెళ్లేటప్పుడు ప్రతి మోటారు నేమ్ ప్లేట్ ఫోటో తీసుకెళ్లండి. బోరు మోటారు, షెడ్డులో లైట్లు కూడా జనరేటర్ మీదే నడపాలంటే ఆ సంగతి ముందే చెప్పండి, లెక్కలో కలుపుతారు.