హనుమకొండ నుంచి సిటీ కాలేజీ దాకా: ఒక పాత బడి భవనం కోసం ప్రయాణం

చిన్నప్పటి నుంచి మా ఇంటి పెద్దల నోట విన్న సిటీ కాలేజీని తీరిగ్గా చూడాలని ఈసారి ప్రత్యేకంగా హైదరాబాదు వెళ్ళాను. కాజీపేటలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే సుమారు రెండు గంటల్లో సికింద్రాబాదు చేరుకోవచ్చు. అక్కడ సికింద్రాబాద్ వెస్ట్‌లో మెట్రో పట్టుకుని ఎం.జి.బి.ఎస్. (మహాత్మా గాంధీ బస్ స్టేషన్)లో దిగడం, ఉప్పల్ మీదుగా వచ్చే బస్సు కంటే హాయిగా ఉంది.

1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తర్వాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దుతున్న కాలంలో, హైకోర్టుకు, ఉస్మానియా ఆసుపత్రికి, కాచిగూడ స్టేషనుకు రూపమిచ్చిన వాస్తుశిల్పి విన్సెంట్ ఈష్ చేతిలోనే ఈ బడి కూడా రూపుదిద్దుకుంది. 1921లో సిటీ హైస్కూలు ఈ భవనంలోకి మారింది, 1929లో కళాశాల అయింది. వేయిస్తంభాల గుడిలో రాతి దూలాలు స్తంభాల మీద బరువు మోపడం చూస్తూ పెరిగిన నా కంటికి, ఇక్కడ మొన దేలిన కమానులే బరువును పంచుకుంటూ గోడల మీదికి దించుతున్న తీరు కొత్త పాఠంలా అనిపించింది. కమానులు మాకు పరాయివేమీ కావు, ఓరుగల్లు కోటలోని ఖుష్ మహల్లో అవి ఉన్నాయి. అయితే అక్కడివి దర్బారు కోసం, ఇక్కడివి పిల్లల చదువు కోసం.

కవి మఖ్దూం మొహియుద్దీన్ ఇక్కడ ఉర్దూ బోధించారు. అంతకంటే నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది 1952. ఉపాధ్యాయ ఉద్యోగాలలో ముల్కీ నిబంధనలను (ప్రభుత్వ ఉద్యోగాలు స్థానికులకే అన్న నియమాలను) పక్కన పెట్టారంటూ మా ఓరుగల్లు విద్యార్థులు మొదలుపెట్టిన ఆందోళన రాజధానికి పాకి, సెప్టెంబరు 3న ఈ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులకు దారితీసింది. ఆ కాల్పులపై జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు. మా ఊరి నుంచి వెళ్ళేవారు ఈ ఆవరణలో కాసేపైనా మౌనంగా నిలబడాలని నా కోరిక.

ఇది నేటికీ నడుస్తున్న ప్రభుత్వ కళాశాల కనుక పనిదినాన వెళ్ళి, గేటు దగ్గర విషయం చెప్పి, అనుమతి తీసుకున్నాకే లోపలికి వెళ్ళాలి. నేను అలాగే చేశాను, సిబ్బంది మర్యాదగా చూశారు.

బస విషయంలో మాత్రం పొరపాటు పడ్డాను. దగ్గరగా ఉంటుందని అఫ్జల్‌గంజ్ వైపు తీసుకున్న లాడ్జిలో రాత్రంతా లారీల చప్పుడు, తెల్లవారితే నీళ్ళు లేవు. మెట్రో ఉంది కనుక సికింద్రాబాదు స్టేషను దగ్గరే బస చేయడం మేలు. ఒక్క పూటే ఉంటే సాయంత్రాన్ని ఎంచుకోండి. ఎండ వాలే వేళకు నయాపూల్ వంతెన మీద నిలబడితే మూసీకి ఈ ఒడ్డున హైకోర్టు, ఆ ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కనిపిస్తాయి, హైకోర్టు పక్కగా నడిస్తే మళ్ళీ ఈ బడి గేటుకే చేరుకుంటారు.