వాఫిల్ మేకర్ కొంటున్నారా? ముందు బోర్లించి చూడండి

నెల్లూరులో వంటసామాను కొనడానికి వెళ్లేవారు ఇది చదివి వెళ్లండి. పెట్టె మీద రంగురంగుల బొమ్మ ఉండి, తయారుచేసినవారి పేరూ ఊరూ లేని వాఫిల్ మేకర్ ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. నేను 1,350 రూపాయలు పెట్టి తీసుకున్నాను. డబ్బు ఒక్కటే పోయి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు. మా పాపకు షాక్ కొట్టింది.

మాది కావలి. పిల్లలు అడిగినప్పుడల్లా బయట కొనే బదులు ఇంట్లోనే చేసిపెడదామనుకున్నాను. వాఫిల్స్ అంటే గళ్లు గళ్లుగా కాల్చే మందపాటి అట్లు. వాటికి కావలసినవన్నీ మన డబ్బాల్లో ఉండేవే. రెండు కప్పుల మైదా, రెండు పెద్ద చెంచాల చక్కెర, మూడు చిన్న చెంచాల బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలిపి, రెండు గుడ్లు, కప్పున్నర పాలు, పావు కప్పు నూనె పోసి గరిటెజారుగా కలపాలి. చెంచాడు బియ్యప్పిండి వేస్తే పైన కరకరలాడుతుంది. చిన్న ఉండలు మిగిలినా పర్వాలేదు, అతిగా గిలక్కొడితేనే సాగుతుంది. వంటకు ఓపిక లేని రాత్రి అరగంటలో అందరి కడుపూ నిండుతుంది.

మొదటి వాయికి ప్లాస్టిక్ కమురు వాసన వచ్చింది. కొత్తది కదా, పోతుందిలే అనుకున్నాను. రెండో వాయి తీసేసరికి గళ్ల అంచుల్లో నల్లటి చుక్కలు. మాడిందేమోనని ఒకదాన్ని గోటితో తీసి వేళ్ల మధ్య నలిపాను. మాడు అయితే పొడి కావాలి. ఇది రేకులా సాగి వేలికి అతుక్కుంది. మూత తెరిచి చూస్తే పళ్లెం మూలన పూత లేచిపోయి తెల్లటి లోహం మెరుస్తోంది. నేను ఆ వాఫిల్స్ తీసి పారేస్తుండగానే పాప మూత మూయబోయి పక్కనున్న లోహపు అంచు తాకింది. అప్పుడే కడిగిన నేల, తడి కాళ్లు. "అమ్మా!" అని చేయి లాగేసుకుంది. వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపాను. అదృష్టం బాగుండి జివ్వుమనడంతో సరిపోయింది. ఆ కేక మాత్రం నాకింకా చెవిలో ఉంది.

మర్నాడు మా వీధిలోని ఎలక్ట్రీషియన్ అడుగు విప్పి చూపించారు. ప్లగ్గుకు మూడు పిన్నులున్నాయి కానీ లోపలికి వచ్చినవి రెండే తీగలు. షాక్ కొట్టకుండా కాపాడే ఎర్తు తీగ లేనే లేదు, మూడో పిన్ను ఉత్తుత్తిది. వేడి ఒక హద్దు దాటితే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ కూడా లేదు. నాన్‌స్టిక్ పూత సుమారు 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. ఆపేదే లేనప్పుడు అది రెండో వాయికే లేచిపోవడంలో వింతేముంది! ఎర్ర దీపం మొదటి నుంచి చివరిదాకా ఆరకుండా వెలుగుతూనే ఉందని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

బస్సెక్కి మళ్లీ నెల్లూరు వెళ్తే, "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు చూపించారు. నా చేతిలో ఉన్నది బిల్లు కూడా కాదు. పైన "ఎస్టిమేట్" అని, కింద అంకె, అంతే. దుకాణం పేరు లేదు, జీఎస్టీ నంబరు లేదు. కొనేటప్పుడు ఆ చీటీని మడిచి సంచిలో వేసుకున్నానే తప్ప చదవలేదు. మీరు చదవండి, అసలు బిల్లు ఇచ్చేదాకా డబ్బు ఇవ్వకండి.

ఆ బోర్డు చూసి మాత్రం వెనక్కి రాకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడమూ తప్పే. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తే తెలుగులోనే చెప్పుకోవచ్చు. నేను చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు.

కొనేముందు యంత్రాన్ని బోర్లించండి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని పైన ఐఎస్ (ప్రమాణం) సంఖ్య, కింద సీఎం/ఎల్ అని లైసెన్సు సంఖ్య ఉండాలి. వట్టి గుర్తు ఎవరైనా అచ్చు వేయగలరు, కాబట్టి ఆ లైసెన్సు సంఖ్యను ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి "బీఐఎస్ కేర్" యాప్‌లో కొట్టి ఏ కంపెనీ పేరు వస్తుందో చూడండి. పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం ఉండాలి. దుకాణంలోనే ప్లగ్గు పెట్టించి పది నిమిషాలు నిలబడండి. వేడెక్కాక దీపం ఆరాలి, లేదా రంగు మారాలి. అమ్మేవారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఆ రోజు మిగిలిన పిండిని పారేయబుద్ధి కాలేదు. పొంగనాల పెనం పొయ్యి మీద పెట్టి, గుంటకో చుక్క నూనె వేసి, ముప్పావు వంతు పోసి సన్నని సెగన మూత పెట్టాను. మూడు నిమిషాలకు తిప్పితే గోధుమ రంగులో కరకరలాడుతూ వచ్చాయి. పైన బెల్లం పాకం పోసిస్తే పిల్లలు గిన్నె ఖాళీ చేశారు. మంచి యంత్రం దొరికేదాకా మా ఇంట్లో వాఫిల్స్ పిండికి ఆ పెనమే.