కబిని ఒడ్డున బస: గది కన్నా ముందు నీటిమట్టం చూసుకోండి

కర్ణాటకలో నాగరహొళె పులుల అడవి పక్కనున్న కబిని జలాశయం ఒడ్డున ఉన్న ఖరీదైన రిసార్టుల్లో ఒకదానిలో ఆరేళ్ళుగా, ఎండ, వాన, చలి మూడు కాలాల్లోనూ ఉండి చూశాక రాస్తున్న సమీక్ష ఇది. పేరు చెప్పను, ఎందుకంటే ఆ ఒడ్డున ఏది ఎంచుకున్నా అసలు లెక్క ఒక్కటే. గదికి రెట్టింపు కట్టినంత మాత్రాన పులి కనబడే అవకాశం పెరగదు. నాగరహొళె లోపలికి ప్రైవేటు రిసార్టుల సొంత జీపులు పోవు. కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ నడిపే బండ్లలోనే రిసార్టుల అతిథులందరూ ఎక్కాలి. సఫారీ కోసం అడవిని విడదీసిన భాగాల్లో ఏ జోనా, బీ జోనా అన్నది కూడా మన చేతిలో ఉండదు. అదనంగా పెట్టే డబ్బంతా నీటి ఒడ్డు కోసమే. ఆ ఒడ్డేమో ఏడాది పొడుగునా ఒక్కచోట ఉండదు.

ఇది సహజమైన సరస్సు కాదు. బీచనహళ్ళి దగ్గర 1974లో కట్టిన డ్యాము వెనక నిలిచిన నీరు, కన్నడంలో హిన్నీరు అంటారు. నిండు మట్టం 2,284 అడుగులు. వరద వయనాడు నుంచి వస్తుంది. అక్కడ నైరుతి వానలు గట్టిగా పడితే జులై, ఆగస్టుకల్లా జలాశయం నిండుతుంది. ఆ తర్వాత కొన్ని నెలలు వరండా ముందే నీళ్ళు తళతళలాడతాయి. బుకింగ్ సైట్లలో కనబడే ఫొటోలు ఆ రోజులవే. డ్యాము నుంచి నీళ్ళు కిందికి వదిలేకొద్దీ మట్టం పడిపోయి, ఏప్రిల్ వచ్చేసరికి అదే 'లేక్ వ్యూ' గది ముందు నెర్రెలిచ్చిన బురద, దాని మీద మొలిచిన పచ్చిక, దూరంగా సన్నటి నీటి చార మిగులుతాయి. తెలియక వచ్చినవాళ్ళు రిసెప్షన్‌లో గొడవకి దిగుతుంటారు. కానీ జంతువుల కోసం వచ్చేవాళ్ళకి అదే అసలైన కాలం. చుట్టూ అడవి ఎండిపోయి కుంటలు ఇంకిపోతాయి కాబట్టి, మార్చి నుంచి మే దాకా ఏనుగులు ఈ పచ్చిక కోసం, నీటి కోసం గుంపులు గుంపులుగా దిగొస్తాయి. ఇదే కాకనకోట అడవి. 1971 దాకా ఇక్కడ ఖెడ్డాలు పెట్టి, అంటే మందని దడి లోపలికి తోలి, ఏనుగుల్ని పట్టేవారు. ఇప్పుడవి వందల్లో వచ్చి నిర్భయంగా మేస్తుంటే కడుపు నిండినట్టుంటుంది.

పడవలోంచి ఒక్క ఏనుగునే ఎంచుకుని పది నిమిషాలు చూడండి. పచ్చిక పొట్టిగా ఉంటే తొండానికి చిక్కదు. ముందుకాలి గోళ్ళతో నేలని గీరి, ఊడిన గడ్డిని తొండంతో కుప్పచేసి, మట్టి రాలేలా మోకాలికేసి రెండుమూడు సార్లు కొట్టి, అప్పుడు నోట్లో పెట్టుకుంటుంది. గాలి ఇటు తిరిగితే ఆ చప్పుడు కూడా వినిపిస్తుంది. నీళ్ళలో నిలబడ్డ మోడులు డ్యాము కట్టినప్పుడు మునిగిన చెట్లవి. వాటి మీది మరకల్ని బట్టి నీరు ఎంత దిగిందో తెలుస్తుంది. చలికాలంలో చేపలు పట్టే ఆస్ప్రే గద్దలు వాటి మీదే కూర్చుంటాయి.

పడవకి బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. 10×42 ఐతే ఇంజను అదురు కూడా పెద్దదై బొమ్మ నిలవదు, పైగా సాయంత్రం వెలుగు తక్కువగా అందుతుంది. కెమెరాకి పడవలో సెకనులో వెయ్యో వంతు కన్నా నెమ్మది షట్టర్ పెట్టకండి. ట్రైపాడ్ దండగ, బియ్యం నింపిన గుడ్డసంచి మేలు. పెద్ద లెన్సులకి అటవీశాఖ రుసుము వేరే ఉంటుంది, ముందే కనుక్కోండి.

జీపులో వెనక వరుస సరిగ్గా ఇరుసు మీద ఉంటుంది. నడుం నొప్పి ఉన్నవాళ్ళు మధ్య వరుస అడగాలి. వేసవిలో దుమ్ముకి మూతికి కట్టుకునే గుడ్డ, డిసెంబరు పొద్దుటి సఫారీకి స్వెట్టరు మీద గాలి ఆపే జాకెట్టు తప్పవు. మంచి డ్రైవరు ఎవరంటే, బండి ఆపి ఇంజను కట్టేసి వినేవాడు. దుప్పి ఒక్కసారి అరిస్తే అంత పట్టించుకోనక్కర్లేదు. కణితి (సాంబర్ జింక) ఆగకుండా అరుస్తూ, చెట్టు మీది కొండముచ్చు ఒకే దిక్కు చూస్తూ దగ్గుతుంటే మాత్రం పులో చిరుతో దగ్గర్లో ఉండొచ్చు, అక్కడే ఉండమనండి. ఫోన్లో కబురొచ్చిందని బండ్లన్నీ ఒక మూలకి పరిగెత్తే రోజుల్లో ఏమీ దక్కదు.

గదుల్లో పెద్ద లోపం చెమ్మ. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పరుపులు, కర్టెన్లు ముక్కిన వాసనేస్తాయి. గడ్డి కప్పు ఉన్న కాటేజీల్లో ఇంకా ఎక్కువ. చేరగానే ఏసీని డ్రై మోడ్‌లో రెండు గంటలు నడపండి, లెన్సుల సంచిలో సిలికా జెల్ పొట్లాలు వేసుకోండి. బాత్‌టబ్ ఉన్న గదికి ఎక్కువ కట్టడం వృథా, అందులో దిగే తీరిక దొరకదు. తిండి బాగానే ఉంటుంది, కారం కావాలంటే చెప్పాలి. చీకటి పడ్డాక కాపలా మనిషి లేకుండా కాటేజీకి నడవకూడదు. ఎండిన బురద మీదికి పగలైనా దిగకూడదు: పైన పెచ్చు, కింద ఊబి, నీటి అంచున మొసళ్ళు.

బెంగళూరు నుంచి సుమారు 220 కిలోమీటర్లు. మారతహళ్ళి, వైట్‌ఫీల్డ్ వైపువాళ్ళు నైస్ రోడ్డు మీదుగా మైసూరు రోడ్డు పట్టుకుని, మైసూరు దాటి హెచ్.డి.కోటె దారిలో వెళ్ళాలి. సాయంత్రం సఫారీకి మూడు గంటలకల్లా సిద్ధంగా ఉండాలి కాబట్టి పొద్దున ఆరింటికే బయల్దేరండి. ఆలస్యమైతే ఆ సఫారీ పోయినట్టే, డబ్బు తిరిగి రాదు. ఒక్క రాత్రికి రెండే సఫారీలు, అందులో ఒకటి పడవ. రెండు రాత్రులుంటే నాలుగు. ఆ తేడాకే అసలు విలువ.

ఇంకొకటి. పులుల దాడుల్లో మనుషులు చనిపోయాక, 2025 నవంబరులో బందీపుర్, నాగరహొళె సఫారీల్ని ప్రభుత్వం ఆపేసింది. అలాంటప్పుడు రిసార్టు మాత్రం తెరిచే ఉంటుంది, గది డబ్బు అడుగుతుంది. అందుకని అడ్వాన్సు కట్టేముందు మెయిల్లో మూడు సంగతులు రాయించుకోండి: సఫారీ సీట్లు ఖాయమా, ఆగిపోతే ఎంత తిరిగిస్తారు, ఆ వారం మీ గది ముందు నీళ్ళు ఎంత దూరంలో ఉంటాయి.