సెబు సౌత్ బస్ టెర్మినల్: తిరుపతి వాసి సమీక్ష

ఫిలిప్పీన్స్‌లోని సెబు నగరం ప్రొవిన్స్ పాలన నుంచి వేరుగా ఉండే స్వతంత్ర నగరమైనప్పటికీ, నగరం నడిబొడ్డున ఉన్న ఈ టెర్మినల్‌ను నడుపుతున్నది ప్రొవిన్స్ ప్రభుత్వమే. సెబు ద్వీపంలోని దక్షిణాది ఊళ్ళకు బస్సులు ఇక్కడి నుంచే బయలుదేరుతాయి. ముందుగా టికెట్టు కొనకపోయినా బస్సులో కండక్టరే ఇవ్వడం నాకెంతో నచ్చింది.

అయితే కొత్తవారు జాగ్రత్తగా ఉండాలి: బాటో అనే ఊరి బోర్డుతో వెళ్ళే బస్సులకు రెండు దారులున్నాయి కనుక, బెంగళూరు బస్సు ఎక్కే ముందు చిత్తూరు మీదుగానా, మదనపల్లె మీదుగానా అని మనం అడిగినట్టే, ఓస్లోబ్ మీదుగానా, బారిలి మీదుగానా అని తప్పక అడగాలి, మోఆల్‌బోఆల్ అనే ఊరికి వెళ్ళేవారికి బారిలి దారే సరైనది.

ఉత్తరాది బస్సులకు వేరే టెర్మినల్ ఉండటం నిజంగా అసౌకర్యమే. విమానాశ్రయం మక్తాన్ ద్వీపంలో ఉంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో వంతెనల మీది రద్దీకి అదనపు సమయం కేటాయించుకోండి.