జెయింట్ వైరస్: చిక్కిపోయిన కణమా, పెరిగిన వైరసా?

1992లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో ఒక కూలింగ్ టవర్ నీటి అమీబాల్లో కనిపించినదాన్ని బ్యాక్టీరియా అనుకున్నారు. 2003లో ఫ్రాన్స్ పరిశోధకులు అది వైరస్ అని తేల్చి మిమీవైరస్ అన్నారు. దాని జీనోమ్‌లో, అంటే మొత్తం జన్యు సమాచారంలో, దాదాపు 12 లక్షల బేస్ జతలు (డీఎన్ఏ అక్షరాల జంటలు) ఉన్నాయి. కొన్ని బ్యాక్టీరియాలకే అంత లేదు! ఇంత పెద్దది ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది ఒకప్పుడు సొంతంగా బతికిన కణమే, పరాన్నజీవిగా మారి జన్యువులు పోగొట్టుకుంటూ చిక్కిపోయింది అన్నది ఒక వాదన. మామూలుగా కణాల్లోనే ఉండే, ప్రోటీన్ తయారీకి అవసరమైన కొన్ని ఎంజైమ్‌ల జన్యువులు మిమీవైరస్‌లో ఉండటం దీనికి బలం. బ్యాక్టీరియా, ఆర్కియా, కేంద్రకమున్న కణాల జీవులు అనే మూడు శాఖల తర్వాత జీవంలో ఇది నాలుగో శాఖ అని కూడా కొందరన్నారు. నిజంగా ఒళ్లు జలదరించే ఊహ.

రెండో వాదన సరిగ్గా తలకిందులు. చిన్న వైరస్సే జన్యువులు పోగేసుకుని పెరిగింది. అమీబా దొరికిన బ్యాక్టీరియానల్లా మింగుతుంది కాబట్టి దాని లోపల రకరకాల డీఎన్ఏ కలుస్తుంది, అక్కడే పెరిగే వైరస్‌కు అది అందుబాటులో ఉంటుంది. 2017లో ఆస్ట్రియాలోని మురుగునీటి శుద్ధి కేంద్రం నమూనాల్లో క్లోస్న్యూవైరస్ జీనోమ్ బయటపడింది. అందులో ఆ ఎంజైమ్‌ల జన్యువులు ఇంకా ఎక్కువ. కానీ వాటి వంశవృక్షాలు గీస్తే ఒక్కోటి ఒక్కో జీవి వైపు చూపించాయి. ఒకే పాత కణం నుంచి వచ్చి ఉంటే అన్నీ ఒకే మూలానికి చేరాలి కదా.

అందుకే నా మొగ్గు రెండో వైపే. అయితే 2013లో ప్రకటించిన పాండోరావైరస్ దగ్గర ఆగాల్సి వస్తుంది. దాని సుమారు 2,500 జన్యువుల్లో ఎక్కువ శాతానికి ఎక్కడా పోలికే లేదు. అప్పు తెచ్చుకుంటే ఎవరి దగ్గర? అవి ఆ వైరస్‌లోనే కొత్తగా పుడుతున్నాయని 2018లో ఒక ప్రతిపాదన వచ్చింది.