గుద్దినవాడికా, గుద్దించుకున్నవాడికా శిక్ష? చిన్న ట్రాకుల్లో ఏ రూలు మేలు

ఎల్లో లైట్లు వెలిగి ఉన్నాయి. అంటే రేసు తాత్కాలికంగా ఆగినట్టే. కార్లన్నీ నెమ్మదిగా వరసలో తిరగాలి, ఎవరూ ఎవరినీ దాటకూడదు. అలాంటప్పుడు తెల్ల కారు ఒకటి వరస తప్పి లోపలి వైపు నుంచి దూసుకొచ్చింది. నీలం కారు డోరుకి ముక్కు ఆనించి దాన్ని గోడ దాకా నెట్టుకుపోయింది. స్టాండ్స్‌లో జనమంతా లేచి నిలబడ్డారు. నా పక్కన ఉన్న బావ చేతిలో పాప్‌కార్న్ సగం ఒలికింది.

"ఇదేంటి బావా, రేసు ఆగాక కొట్టుకుంటున్నారు?" అన్నాడు.

ఒంగోలు నుంచి నెల రోజులు మా ఇంట్లో ఉందామని వచ్చినవాణ్ని, నార్త్ కరోలినాలో మేముండే చోటికి గంట దూరంలో ఉన్న ట్రాకుకి ఒక శనివారం రాత్రి తీసుకెళ్లాను. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇలాంటి ట్రాకులు ఈ రాష్ట్రంలో చాలా ఉన్నాయి. మైలు కంటే తక్కువ పొడవుంటే షార్ట్ ట్రాక్ అంటారు. ఊళ్లలో ఉండేవి మరీ చిన్నవి, పావు మైలు, మూడో వంతు మైలు అంతే. పగలు మెకానిక్‌గానో ఎలక్ట్రీషియన్‌గానో పని చేసుకునేవాళ్లే రాత్రికి డ్రైవర్లు.

ఒక్క నిమిషం ముందు జరిగింది ఇది. తెల్ల కారు ముందుంది, నీలం కారు రెండో స్థానంలో ఉంది. మూడో మలుపులో నీలం కారు వెళ్లి తెల్ల కారు ఎడమ వెనక మూలని తగిలింది. తెల్ల కారు గిర్రున తిరిగి గడ్డిలో పడింది, దాంతో ఎల్లో పడింది. రేసు అధికారులు కూర్చునే టవర్ నుంచి రేడియోలో తీర్పు వచ్చింది: ఇద్దరూ వరస వెనక్కి. తెల్ల కారు డ్రైవర్, జెండాలు చూపించే ఫ్లాగ్‌మ్యాన్ ఎదురుగా కారు ఆపి, కిటికీ నెట్‌లోంచి చెయ్యి బయటపెట్టి "నేనేం చేశాను?" అన్నట్టు ఊపాడు. ఫ్లాగ్‌మ్యాన్ వేలు వెనక్కే చూపించాడు. ఆ తర్వాతే ఆ దూకుడు. తెల్ల కారుకి నల్ల జెండా, ఆ రాత్రికి అతని పని అయిపోయింది. నీలం కారు సొట్ట పడ్డ డోరుతో మళ్లీ పుంజుకుని నాలుగో స్థానంలో ముగించింది.

"నిప్పు పెట్టినవాడికి నాలుగో స్థానం, ఒళ్లు మండినవాడికి ఇంటి దారి," అన్నాడు బావ.

ఈ గొడవలో చాలామంది రెండో దెబ్బ గురించే మాట్లాడతారు. ఆరేళ్లుగా ఈ రేసులు చూస్తున్న నాకు మాత్రం మొదటి దెబ్బకి ఇచ్చిన తీర్పులోనే రెండో దెబ్బ పుడుతుందని అనిపిస్తుంది. అందుకే ఏ రూలునైనా నేను ఒక్క ప్రశ్నతో తూస్తాను. ఈ తీర్పు విన్నాక, స్పిన్ అయినవాడికి "ఇక నా లెక్క నేనే తేల్చుకోవాలి" అనిపిస్తుందా, అనిపించదా?

ఇద్దరూ వెనక్కి

అన్నిటికంటే తేలికైన రూలు ఇది. బడిలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటే ఎవరు మొదలుపెట్టారని అడక్కుండా ఇద్దర్నీ బెంచీ ఎక్కించే మాస్టారి పద్ధతి. దీనివల్ల లాభాలు లేకపోలేదు. తీర్పు పది సెకన్లలో అయిపోతుంది. టవర్‌లో ఉన్నాయన మీద పక్షపాతం నింద రాదు. ఒక రాత్రిలో అయిదారు క్లాసుల, అంటే అయిదారు రకాల కార్ల, రేసులు నడపాలి, పదకొండు దాటితే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఊరుకోరు. ఒక ల్యాప్, అంటే ఒక చుట్టు, వెనకబడబోతున్నవాడు కావాలని తనే స్పిన్ అయి ఎల్లో తెప్పించే తెలివికి కూడా ఇది కొంత కళ్లెం వేస్తుంది.

కానీ అన్యాయం కళ్లెదుటే కనిపిస్తుంది. ముందున్నవాడు పోగొట్టుకునేది మొదటి స్థానం. గుద్దినవాడు పోగొట్టుకునేది రెండోది, ఒక్కోసారి తొమ్మిదోది. రాజీలో ఇద్దరూ సమానంగా నష్టపోవాలంటారు కదా, ఇక్కడ అది జరగదు. పైగా ఛాంపియన్‌షిప్ కోసం పోటీపడేవాడి స్నేహితుడు వెనకెక్కడో తిరుగుతుంటే, లీడర్‌ని ఒకసారి తాకితే చాలు, మిత్రుడి పని అయిపోతుంది. నా ప్రశ్నకి ఈ రూలు పూర్తిగా ఫెయిల్. ఆ రాత్రి తెల్ల కారు డ్రైవర్‌కి టవర్ చెప్పింది ఒక్కటే: నీ మాట మేం వినం.

టవర్ చూసి తేల్చడం

రెండో పద్ధతి, అధికారి చూసి ఎవరిది తప్పో చెప్పడం. తప్పు చేసినవాడు వెనక్కి వెళ్తాడు, రెండోవాడికి తన స్థానం తిరిగొస్తుంది. వినడానికి ఇదే న్యాయం. కష్టమంతా చూడటంలోనే ఉంది.

ఇక్కడ కాస్త మెకానిక్స్ చెప్పాలి. ఓవల్ ట్రాకు మీద అన్నీ ఎడమ మలుపులే, గోడ కుడి పక్కన ఉంటుంది. వెనకున్న కారు ముందు కారు ఎడమ వెనక మూలని తాకితే, ఆ కారు ముక్కు ఎడమకి తిరిగి, సాధారణంగా లోపలి గడ్డిలోకి పోతుంది. మలుపులోకి దిగేటప్పుడు ఇది పొరపాటున కూడా జరుగుతుంది. ఒకరు కాస్త ముందే బ్రేక్ వేసినా చాలు. కుడి వెనక మూల సంగతి వేరు. అక్కడ తాకితే ముక్కు కుడికి తిరిగి కారు సూటిగా గోడకి కొట్టుకుంటుంది. నేరుగా ఉన్న రోడ్డు మీద, స్టీరింగ్ కుడికి తిప్పి మరీ ఆ మూలని పట్టుకున్నారంటే, దాన్ని పొరపాటని ఒప్పుకోవడం కష్టం. 2022 అక్టోబర్‌లో లాస్ వేగస్‌లో కైల్ లార్సన్‌ని అలా పంపినందుకు బబ్బా వాలెస్‌కి, 2023 మేలో షార్లెట్‌లో డెన్నీ హామ్లిన్‌ని పంపినందుకు ఛేజ్ ఎలియట్‌కి, అమెరికాలో పెద్ద కారు రేసులు నడిపే సంస్థ నాస్కార్ ఒక్కో రేసు సస్పెన్షన్ వేసింది. కారులో స్టీరింగ్ ఎటు తిరిగిందో, ఆక్సిలరేటర్ మీద కాలు ఎప్పుడు పడిందో డేటా మొత్తం వాళ్ల దగ్గర ఉంటుంది.

మన శనివారం ట్రాకులో ఉండేది రెండు కళ్లు, ఒక రేడియో. మహా అయితే మలుపుకొకరు చొప్పున నిలబడ్డ ట్రాకు సిబ్బంది. స్టాండ్స్‌లో అందరి చేతుల్లో ఫోన్లున్నా, వీడియోలు చూపించి వాదించడానికి వీల్లేదని చాలా ట్రాకుల రూల్స్ పుస్తకాల్లోనే రాసుకుంటారు. ఎందుకంటే ఒక్కసారి ఆ తలుపు తెరిస్తే తెల్లారేదాకా టవర్ మెట్ల దగ్గర క్యూ ఉంటుంది.

ఇంకో చిక్కు, ఊరు చిన్నది. టవర్‌లో ఉన్నాయన ఒకప్పుడు డ్రైవరే అయి ఉంటాడు. ఎవరికో బంధువు, ఎవరి దగ్గరో టైర్లు కొన్నవాడు. మన వీధి క్రికెట్‌లో బ్యాటింగ్ జట్టువాడే అంపైర్‌గా నిలబడేవాడు గుర్తుందా? వాడు నిజంగా నాటౌట్‌కే నాటౌట్ ఇచ్చినా ఎవరు నమ్మారు? ఇక్కడా అంతే. తీర్పు సరైనదైతే చాలదు, సరైనదని అవతలివాడికి నమ్మకం కలగాలి.

డేటా ఉన్న పెద్దవాళ్లకే ఇది సులువు కాదు. 2015 నవంబర్ 1న మార్టిన్స్‌విల్‌లో, అర మైలు కంటే కాస్త పెద్ద ట్రాకు మీద, చాలా ల్యాపులు వెనకబడి ఉన్న మాట్ కెన్సెత్ లీడర్ జోయి లొగానోని గోడకి నెట్టేశాడు. అంతకు రెండు వారాల ముందు కాన్సస్‌లో లొగానో తనని స్పిన్ చేసిన కోపం. కెన్సెత్‌కి రెండు రేసుల సస్పెన్షన్ పడింది, అప్పీల్‌లోనూ అది పోలేదు. అదే రోజు అదే ట్రాకు మీద డేవిడ్ గిల్లిలాండ్ మీద పగ తీర్చుకున్న డానికా ప్యాట్రిక్‌కి 50,000 డాలర్ల జరిమానా, 25 పాయింట్ల కోత పడ్డాయి గానీ సస్పెన్షన్ లేదు. ఒకరు ముందున్నవాణ్ని, ఛాంపియన్‌షిప్ రేసులో ఉన్నవాణ్ని కొట్టారు, ఇంకొకరు వెనకున్నవాణ్ని. కారణం అర్థమవుతుంది. అయినా రెండూ పగే కదా అన్న మాటకి జవాబు లేదు. 2025 మార్చిలో ఆస్టిన్ ట్రాకు మీద టై డిల్లన్‌ని కుడి మూల పట్టుకుని తిప్పిన ఆస్టిన్ సిండ్రిక్‌కి 50 పాయింట్లు, 50,000 డాలర్లు పోయాయి కానీ సస్పెన్షన్ లేదు. వాలెస్, ఎలియట్‌ల అభిమానులు ఆ వారమంతా ఏమన్నారో ఊహించుకోండి.

తప్పు నాదేనని చెప్పుకోవడం

మూడోది నాకు బాగా నచ్చిన రూలు. వాడుకలో ట్యాప్ రూల్ అంటారు. ఎల్లో పడ్డాక, గుద్దినవాడు ఫ్లాగ్‌మ్యాన్ ముందు నెమ్మదించి తన కారు పైకప్పు మీదో హెల్మెట్ మీదో చేత్తో తడతాడు. తప్పు నాదే అని అర్థం. అతను వెనక్కి, స్పిన్ అయినవాడు తన స్థానానికి. టవర్‌కి తలనొప్పి లేదు. అన్నిటికంటే పెద్ద సంగతి, స్పిన్ అయినవాడికి క్షమాపణ అందరి ముందూ దొరుకుతుంది. కోపం సగం అక్కడే దిగిపోతుంది.

"వాడు ఎందుకు ఒప్పుకుంటాడు? మనవాళ్లయితే ఒప్పుకుంటారా?" అని బావ నవ్వాడు. న్యాయమైన ప్రశ్నే. రెండు ల్యాపులు మిగిలి ఉండగా గెలుపు కోసం గుద్దినవాడు తట్టడు. కానీ ఊరు చిన్నదవ్వడం ఇక్కడ మాత్రం పనికొస్తుంది. క్లాసులో పదిహేను కార్లుంటే, వచ్చే శనివారం అదే పిట్‌లో, అంటే కార్లు బాగుచేసుకునే చోట, అదే మనుషుల పక్కన జాకీ పెట్టాలి. జెనరేటర్ పాడైతే అడగాల్సింది కూడా వాళ్లనే. ఒకసారి తట్టకుండా తప్పించుకున్నవాడి పేరు సీజన్ అయ్యేలోపు పిట్ మొత్తం పాకిపోతుంది.

వాళ్లే చూసుకుంటారు

నాలుగో పద్ధతికి రూలు అనే పేరు కూడా ఎక్కువే. 2010 జనవరిలో నాస్కార్ అధికారి రాబిన్ పెంబర్టన్, ఇక మీదట కుర్రాళ్లు తమ సంగతి తామే చూసుకోవచ్చన్న ధోరణిలో మాట్లాడాడు. రెండు నెలలు తిరక్కుండానే అట్లాంటాలో, 150కి పైగా ల్యాపులు వెనకబడి ఉన్న కార్ల్ ఎడ్వర్డ్స్ కావాలని బ్రాడ్ కెసెలోవ్‌స్కీని తగిలాడు. ఆ కారు గాల్లోకి లేచి పల్టీ కొట్టింది. అదృష్టం బాగుండి మనిషికి ఏమీ కాలేదు. ఎడ్వర్డ్స్‌కి పడింది మూడు రేసుల ప్రొబేషన్. ప్రొబేషన్ అంటే మళ్లీ చేస్తే చూస్తాం అనడమే.

చిన్న ట్రాకుల్లో వేగం తక్కువ కాబట్టి పర్వాలేదని ఒక వాదన. ఇంకో వాదన ఎవరూ పైకి అనరు: గొడవ టికెట్లు అమ్ముతుంది. విన్‌స్టన్-సేలంలోని బౌమన్ గ్రే స్టేడియంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు ట్రాకు మీద 1949 నుంచి నాస్కార్ రేసులు జరుగుతున్నాయి. దాని ముద్దుపేరే మ్యాడ్‌హౌస్, పిచ్చాసుపత్రి. అక్కడికి జనం ఎందుకు వస్తారో అందరికీ తెలుసు. నేనేదో పెద్దమనిషినని చెప్పుకోను. ఆ రాత్రి తెల్ల కారు దూసుకొచ్చినప్పుడు అందరికంటే ముందు లేచి నిలబడ్డవాళ్లలో నేనూ ఉన్నాను.

అందుకే పగకి శిక్ష దగ్గర, రేసులు పెట్టి టికెట్లు అమ్మే ప్రొమోటర్ చెయ్యి వణుకుతుంది. ఒక్క డ్రైవర్‌ని సస్పెండ్ చేస్తే పోయేది ఒక్క కారు కాదు. అతని వెంట పిట్ పాస్ కొనుక్కుని వచ్చే తమ్ముడు, మామ, ఇద్దరు స్నేహితులు, స్టాండ్స్‌లో కుటుంబం మొత్తం పోతారు. జరిమానా వేద్దామంటే, ఈ క్లాసుల్లో గెలిస్తే వచ్చేది టైర్ల ఖర్చుకే అంతంత మాత్రం. పాయింట్ల కోత ఛాంపియన్‌షిప్‌లో ఉన్నవాడికే తగులుతుంది, మిగతావాళ్లు నవ్వుకుంటారు. పనిచేసేది కూర్చోబెట్టడమే. 2011 నవంబర్‌లో టెక్సస్‌లో ట్రక్కు రేసులో ఎల్లో కింద రాన్ హార్నడేని గోడకి నెట్టిన కైల్ బుష్‌ని ఆ వారాంతంలో మిగిలిన పెద్ద రేసుకి కూడా దిగనివ్వలేదు. తర్వాత 50,000 డాలర్ల జరిమానా కూడా వేశారు గానీ, జనానికి గుర్తున్నది ఆ ఆదివారం అతని కారులో ఇంకొకరు కూర్చోవడమే.

కారు దిగి ట్రాకు మీద నడిచెళ్లి నిలదీయడం గురించి నాకు రెండో ఆలోచన లేదు. 2014 ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలో కనన్‌డేగ్వా మట్టి ట్రాకు మీద అలా నడిచివెళ్లిన కెవిన్ వార్డ్ జూనియర్ అనే ఇరవయ్యేళ్ల కుర్రాడు నాస్కార్ డ్రైవర్ టోనీ స్టీవర్ట్ కారు తగిలి చనిపోయాడు. ప్రమాదం జరిగాక డ్రైవర్లు కార్లోనే ఉండాలని ఆ వారంలోనే నాస్కార్ రూలు పెట్టింది. నన్నడిగితే, దిగినవాడికి, అతని వాదన ఎంత న్యాయమైనదైనా, ఆ సీజన్‌లో కొన్ని వారాలు ఇంటి దగ్గరే.

మరి ఏది మేలు అంటే, నా ఓటు ట్యాప్ రూలుకి. ఎవరూ తట్టకపోతే టవర్ చెప్పాలి, ఆ చెప్పేదాన్ని ఎందుకన్నది ఒక్క మాటలో రేడియోలో అందరికీ వినిపించాలి. టవర్‌కీ నిజంగా కనపడకపోతేనే ఇద్దరూ వెనక్కి. ఎల్లో కింద జరిగే ఏ గుద్దుడుకైనా ఆ రాత్రి ఇంటికి, వచ్చే శనివారం కూడా ఇంటికే. తెల్ల కారైనా, పాయింట్లలో ముందున్నవాడైనా.

బావ మాత్రం ఏదీ ఒప్పుకోలేదు. "మా ఒంగోలు వైపు ఎద్దులు బండ లాగితే టేపు పెట్టి ఎన్ని అడుగులో కొలుస్తారు. గొడవేముంది? మీకు టేపు లేని పందెం ఎందుకు బావా?" అన్నాడు కారు ఎక్కేటప్పుడు.

అతను తిరిగి వెళ్లాక మూడు వారాలకి ఇంకో ట్రాకులో ఉన్నాను. ఒక కుర్రాడు మూడో స్థానంలో ఉన్నవాణ్ని తిప్పేసి, ఎల్లో పడగానే ఫ్లాగ్‌మ్యాన్ ముందుకొచ్చి పైకప్పు మీద రెండుసార్లు తట్టి, మెల్లగా వరస చివరికి వెళ్లాడు. ఫోన్‌లో తీసి బావకి వాట్సాప్‌లో పంపాను. పొద్దున్నే జవాబొచ్చింది.

"వీడెవడో పెద్దమనిషిలా ఉన్నాడే. గెలిచాడా?"

తొమ్మిదో స్థానం అని రాశాను.