దెబ్బతిన్న సెక్టారులో ఉన్నది ఏ ఫైలు? డీబగ్‌ఎఫ్‌ఎస్ సమీక్ష

హార్డ్ డిస్కులో ఫలానా సెక్టారు (డేటా దాచే చిన్న గడి) చెడిపోయిందని స్మార్ట్ పరీక్ష (డిస్కు తన ఆరోగ్యాన్ని తానే చూసుకునే తనిఖీ) చెబుతుందే గానీ, అందులో ఉన్నవి పెళ్లి ఫోటోలా, ఎందుకూ పనికిరాని తాత్కాలిక ఫైళ్లా అన్నది చెప్పదు. ఆ లోటును లినక్సులో ఉచితంగా దొరికే డీబగ్‌ఎఫ్‌ఎస్ అనే సాధనం చాలావరకు తీరుస్తుంది.

లెక్క మాత్రం మనమే కట్టుకోవాలి. పరీక్ష చూపిన సెక్టారు సంఖ్య 1,02,048, పార్టిషన్ (డిస్కులోని విభాగం) మొదలయ్యేది 2,048 దగ్గర అనుకుంటే, తేడాగా వచ్చే 1,00,000ను 8తో భాగించాలి. ఎందుకంటే సాధారణంగా 512 బైట్ల సెక్టార్లు ఎనిమిది కలిస్తే 4,096 బైట్ల బ్లాకు ఒకటవుతుంది. అలా వచ్చిన 12,500ను ఐచెక్ ఆదేశానికి అందిస్తే ఐనోడ్ (ఫైలు వివరాలుండే నమోదు) సంఖ్య, దానిని ఎన్‌చెక్‌కు అందిస్తే ఫైలు పేరు, దారితో సహా తెరపైకి వస్తాయి. అంతకుముందే టెస్ట్‌బి ఆదేశాన్ని అడిగితే ఆ బ్లాకు అసలు వాడుకలో ఉందో లేదో తేలిపోతుంది. ఖాళీదైతే ఊపిరి పీల్చుకోవచ్చు.

ప్రత్యేకంగా కోరితే తప్ప డిస్కుపై ఏమీ రాయకపోవడం నాకు బాగా నచ్చిన గుణం. పెద్ద డిస్కులపై ఐచెక్‌ది నత్తనడకే. పైగా ఇది లినక్సులో వాడే ఈఎక్స్‌టీ ఫైల్ వ్యవస్థల కుటుంబానికే పరిమితం కనుక, విండోస్ ఫైల్ వ్యవస్థ అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ వాడేవారు ఎన్‌టీఎఫ్‌ఎస్‌క్లస్టర్ అనే సాధనాన్ని ఆశ్రయించాలి. డిస్కు మరీ నీరసించి ఉంటే, ముందు డీడీరెస్క్యూతో నకలు తీసి, ఈ విచారణంతా నకలుపైనే సాగించడం క్షేమం.